ప్రవాళ ద్వీపంలో మంచినీటి బావి

కొచ్చి రేవునుండి పడమటి దిక్కుగా బయలుదేరిన ఓడ ఒక రాత్రి గడిచిన తరువాత లక్షద్వీప్ దీవుల నడుమకు చేరుతుంది. యాత్రికునికి మొదట కనిపించేది సముద్రంమీద సన్నగా గీచినట్లుండే ఆకుపచ్చని గీత. దగ్గరకు పోయినకొద్దీ ఆ గీత కొబ్బరితోపుగా మారుతుంది. తోపు క్రింద తెల్లని ఇసుక, ఇసుకకు ముందు పచ్చరాయివలె మెరిసే నిలకడైన నీరు, ఆ నీటికి వెలుపల తెల్లని నురుగుకట్ట కానవస్తాయి. దూరాన అలలు విరిగే చప్పుడు, తలపైన కొబ్బరాకుల గలగల తప్ప అక్కడ మరే సందడీ లేదు.

ఈ దీవులలో ఒకటైన కవరత్తి 1964 నుండి లక్షద్వీప్ పరిపాలనకు కేంద్రంగా ఉన్నది. దాని వైశాల్యం 4.22 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మిక్కిలి వెడల్పైన చోట కూడా ఒక ఒడ్డునుండి మరొక ఒడ్డుకు అరగంటలోపే నడిచిపోవచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 11,221 మంది నివసించారు. అనగా చదరపు కిలోమీటరుకు సుమారు 2,660 మంది. అదే సంవత్సరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 308. పైకి నిశ్శబ్దంగా కనిపించే ఈ చిన్న నేల ఇంతమందిని పోషిస్తున్నది.

వీరందరికీ నీరు ఎక్కడిది? దీవిలో కొండ లేదు, వాగు లేదు, ఏరు లేదు. నేల సముద్రమట్టంకంటె కొద్ది మీటర్లు మాత్రమే ఎత్తు. చుట్టూ ఉన్నది ఉప్పునీరే. అయినప్పటికీ ఇంటి పెరటిలో తక్కువ లోతున బావి తవ్వితే నీరు పడుతుంది. ఆ నీటిలో తరతరాలుగా అన్నం వండుకున్నారు, దానితోనే దాహం తీర్చుకున్నారు.

దీనికి చాలామంది తోచినట్లు చెప్పే సమాధానం ఒకటి ఉన్నది. సముద్రపు నీరు ఇసుకగుండా ఊరి వచ్చేటప్పుడు ఇసుక ఉప్పును వడకట్టుతుందని వారంటారు. ఇది పొరపాటు. ఇసుక మట్టిని, చెత్తను వడకట్టగలదు. నీటిలో కరిగిపోయిన ఉప్పును మాత్రం వడకట్టలేదు. ఒక గాజుగరాటులో శుభ్రమైన ఇసుక నింపి ఉప్పునీరు పోసి, క్రిందికి దిగిన నీటిని రుచి చూచితే ఈ సంగతి విద్యార్థులకు వెంటనే తెలిసిపోతుంది. కనుక బావిలోని నీరు సముద్రం ఇచ్చినది కాదు. అది ఆకాశం ఇచ్చినది. కాని వాననీరు ఉప్పునీటిలో కలిసిపోకుండా అక్కడ నిలిచి ఉండడమెట్లు? దీనికి సమాధానం దీవి నిర్మాణంలోనూ, రెండు రకాల నీటి బరువులలోనూ ఉన్నది.

దీవి పుట్టుక

లక్షద్వీప్ దీవులు ప్రవాళాలు కట్టినవి. ప్రవాళాన్నే మనం పగడం అంటాము. ప్రవాళజీవి మెత్తని శరీరంగల చిన్న జంతువు. అది సముద్రపు నీటిలోని కాల్షియంను, కార్బొనేట్‌ను గ్రహించి తన చుట్టూ సున్నపురాతి గూడు కట్టుకుంటుంది. దాని కణజాలంలో ఏకకణ శైవలాలు కాపురముంటాయి. అవి సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి అందులో అధికభాగం ప్రవాళానికి ఇస్తాయి. శైవలాలకు వెలుతురు కావాలి గనుక, గోడలు కట్టే ప్రవాళాలు వెచ్చని, తేటయైన, లోతు తక్కువ నీటిలోనే బాగా పెరుగుతాయి.

అయితే ఈ దీవుల వెలుపలి అంచు దాటగానే సముద్రం వందలాది మీటర్ల లోతుకు దిగిపోతుంది. వెలుతురు చొరని అంత లోతునుండి ప్రవాళాలు గోడను ఎట్లు కట్టుకొని రాగలిగాయి? చార్లెస్ డార్విన్ 1842లో ప్రచురించిన గ్రంథంలో దీనికి సమాధానం చెప్పాడు. మొదట అక్కడ ఒక అగ్నిపర్వతపు దీవి ఉండేది. దాని అంచున ప్రవాళాలు గోడ కట్టాయి. పర్వతం మెల్లమెల్లగా క్రుంగుతున్నకొద్దీ ప్రవాళాలు వెలుతురుకోసం పైపైకి కట్టుకుంటూ వచ్చాయి. చివరకు పర్వతం మునిగిపోయింది. ఉంగరంవంటి గోడ మిగిలింది. ఇట్టి ఉంగరాన్ని అటాల్ అనీ, దాని నడుమనున్న నిలకడ నీటిని లగూన్ అనీ అంటారు. 1952లో పసిఫిక్ మహాసముద్రంలోని ఎనివెటాక్ అటాల్‌లో లోతుగా బోరు వేసినప్పుడు 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి దాటిన తరువాత అగ్నిపర్వత శిల తగిలింది. నూటపది సంవత్సరాల క్రిందటి ఊహ నిజమని తేలింది.

ఈ ఉంగరంమీద నేల ఏర్పడినది తరువాతి కాలంలో. అలలు విరిచిన ప్రవాళపు ముక్కలు, గుల్లలు, సున్నపు కవచంగల సూక్ష్మజీవుల అవశేషాలు, ప్రవాళాన్ని కొరికి తినే చిలుకచేపలు విసర్జించే సున్నపుపొడి - ఇవన్నీ కలిసి తెల్లని ఇసుకగా పోగుపడ్డాయి. యాత్రికుడు నడిచే ఇసుక ఒకప్పుడు జీవుల ఒంటిమీదిదే. మన నదులు తెచ్చిపోసే ఇసుకలో అధికభాగం కొండరాళ్ల పొడి. ఈ ఇసుక ప్రాణుల పొడి.

ఈ ఇసుకలోనూ, దాని క్రింది సున్నపురాతిలోనూ లెక్కలేనన్ని సందులున్నాయి. అందువల్ల వాన కురిసినప్పుడు నీరు పైన ప్రవహించదు, ఉన్నచోటనే ఇంకిపోతుంది. దీవిలో వాగులు లేకపోవడానికి కారణం ఇదే. ఆ సందులలో ముందే సముద్రపు నీరు నిండి ఉన్నది. ఇంకిన వాననీరు అక్కడికి చేరి ఏమవుతుంది?

నలభైకి ఒకటి

డార్విన్ 1836లో బీగిల్ ఓడలో హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులకు పోయినప్పుడు అక్కడి బావులలో ఒక విశేషం కనిపెట్టాడు. సముద్రానికి పోటు వచ్చినప్పుడు బావిలో నీరు పైకి లేచేది. పాటు వచ్చినప్పుడు దిగేది. అయినా ఆ నీరు తాగుటకు యోగ్యంగానే ఉండేది. ఇసుక, ప్రవాళరాయి స్పాంజివలె ఉప్పునీటితో నిండి ఉన్నాయనీ, వాననీరు దానిని క్రిందికి త్రోసి పైన చేరుతున్నదనీ ఆయన గ్రహించాడు.

దీనికి లెక్క కట్టినవారు తరువాత వచ్చారు. హాలెండ్ దేశీయుడు బాడన్ గైబెన్ 1880 దశాబ్ది చివరలోనూ, జర్మన్ దేశీయుడు హెర్జ్‌బర్గ్ 1901లోనూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఒకే సూత్రాన్ని చెప్పారు. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థికి అందని సంగతి కాదు.

ఒక ఘన సెంటీమీటరు మంచినీటి బరువు 1 గ్రాము. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉండడంచేత ఘన సెంటీమీటరుకు 1.025 గ్రాములు తూగుతుంది. ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోతగల రెండు నీటిస్తంభాలను ఊహించుకుందాము. ఉప్పునీటి స్తంభం ఎత్తు 40 సెంటీమీటర్లయితే దాని బరువు 40 × 1.025, అనగా 41 గ్రాములు. అంతే బరువు తూగడానికి మంచినీటి స్తంభం 41 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఈ రెండింటినీ యు-ఆకారపు గొట్టంలో రెండు వైపులా ఉంచితే సమతూకంలో నిలిచి, మంచినీరు ఒక సెంటీమీటరు పైకి పొడుచుకొని ఉంటుంది.

దీవిలోనూ జరిగేది ఇదే. ఇసుకలోని మంచినీటిమట్టం సముద్రమట్టంకంటె ఎంత ఎత్తున ఉంటుందో, దానికి నలభైరెట్ల మంచినీరు సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. బావిలో నీరు సముద్రంకంటె 10 సెంటీమీటర్లు ఎత్తున నిలిచితే, దిగువన 4 మీటర్ల వరకు మంచినీరు ఉన్నదన్నమాట. ఒడ్డున ఈ ఎత్తు సున్న, నడిబొడ్డున హెచ్చు. కనుక దీవి క్రింద మంచినీటి రాశి నడుమ మందంగా, అంచులలో పలుచగా ఉంటుంది. ఆకారంలో భూతద్దాన్ని పోలి ఉండడంచేత దీనిని మంచినీటి కటకం అంటారు. అది దేనిమీదా కూర్చుని లేదు, ఉప్పునీటిమీద తేలుతున్నది.

నిజమైన దీవిలో ఈ లెక్క ఇంత ఖచ్చితంగా కుదరదు. పోటుపాటులు రోజూ కటకాన్ని క్రిందికీ మీదికీ ఊపుతుంటాయి. అందువల్ల మంచినీటికీ ఉప్పునీటికీ మధ్య చక్కని గీత ఉండదు. రెండూ కలిసిన ఉప్పదనపు పొర ఒకటి ఉంటుంది. లోతున ఉండే పాత సున్నపురాతిలో పెద్దపెద్ద కంతలుండడంవల్ల అక్కడ నీరు త్వరగా కలిసిపోతుంది. పైగా కటకంలోని నీరు నిలువ ఉండదు. అంచులగుండా మెల్లగా సముద్రంలోకి జారిపోతూనే ఉంటుంది. వాన వచ్చి మళ్లీ నింపుతుంది. దీవి వెడల్పు తక్కువైతే జారిపోవడం సులభం. కనుక మరీ సన్నని దీవులలో కటకమే ఏర్పడదు.

తరగతిలో చేసి చూడవచ్చును

ఒక గాజుతొట్టిలో ఒక గోడను ఆనుకొని శుభ్రమైన ఇసుక దిబ్బగా పోయండి. లీటరు నీటికి 35 గ్రాముల చొప్పున ఉప్పు కరిగించి, ఎర్రరంగు కలిపి, దిబ్బ కొన మునగకుండా తొట్టిలో నింపండి. ఇసుకంతా ఎర్రనీటితో తడిసిన తరువాత దిబ్బ కొనమీద మంచినీటిని చిన్న చిల్లుల డబ్బాతో మెల్లగా చల్లండి. కొంతసేపటికి గాజులోనుండి చూస్తే దిబ్బ క్రింద రంగులేని నీరు ఎర్రనీటిని క్రిందికి త్రోసి నిలిచినట్లు కనిపిస్తుంది. ఇప్పుడు ఒక సన్నని గొట్టాన్ని దిబ్బలో గుచ్చి నీటిని కొద్దికొద్దిగా పీల్చండి. తెల్లని నీరే వస్తుంది. గట్టిగా, ఆగకుండా పీల్చండి. క్రిందినుండి ఎర్రనీరు శిఖరంవలె పైకి లేచి గొట్టంలోకి వస్తుంది. దీవివాసుల భయమంతా ఈ ఎర్రని శిఖరంలోనే ఉన్నది.

ఈ సూత్రం మన తీరానికి కొత్తది కాదు. బాపట్ల, చీరాల ప్రాంతాల ఇసుక నేలలలో రైతులు దొరువులు తవ్వుతారు. దొరువు అంటే లోతు లేని వెడల్పాటి గుంట. క్రింద ఉప్పునీరు ఉన్నదనీ, దానిమీద తేలే పలుచని వాననీటి పొరను మాత్రమే ముంచుకోవాలనీ రైతుకు అనుభవంవల్ల తెలుసు. అందుకే దొరువును లోతుగా తవ్వరు. కుండలతో నీరు ముంచి మొక్కలకు పోసేవారు. గైబెన్, హెర్జ్‌బర్గ్‌ల పేర్లు వినకుండానే వారి సూత్రాన్ని పాటించినవారు మన తీరపు రైతులు.

వాన జమ, వాడకం ఖర్చు

లక్షద్వీప్‌లో ఏడాదికి సుమారు 1,600 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఒక చదరపు మీటరుమీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ లెక్కన 4.22 చదరపు కిలోమీటర్ల కవరత్తిమీద ఏడాదికి సుమారు 675 కోట్ల లీటర్లు పడుతుంది. వినడానికి ఇది చాలా పెద్ద సంఖ్య.

కాని ఇందులో కొంత ఆవిరి అవుతుంది. కొబ్బరిచెట్లు తమ వేళ్లతో పీల్చి ఆకులగుండా గాలిలోకి వదలుతాయి. ఉదాహరణకు పడినదానిలో నాలుగవ వంతు మాత్రమే కటకానికి చేరుతుందనుకుందాము. అందులోనూ చాలాభాగం అంచులగుండా సముద్రానికి పోతూ ఉప్పునీటిని వెలుపలికి నెడుతుండాలి. లేకుంటే కటకం పలుచబడుతుంది. కనుక చేరినదానిలో మళ్లీ నాలుగవ వంతు మాత్రమే వాడుకోవచ్చుననుకుందాము. మిగిలేది 42 కోట్ల లీటర్లు. దీనిని 11,221 మందికి 365 రోజులకు పంచితే తలకు రోజుకు సుమారు 100 లీటర్లు. మన పట్టణాలలో తలకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రమాణం. ఈ వంతులు లెక్క నేర్చుకొనుటకు వేసుకున్నవే అయినా, అవి చూపే సంగతి నిజమైనది: వాన పుష్కలంగా ఉన్నా, దీవిలో నీరు పొదుపుగా వాడవలసినదే. పైగా జనవరి నుండి ఏప్రిల్ వరకు వానలు చాలా తక్కువ. ఆ నెలలలో కటకం ఖర్చు అవుతూనే ఉంటుంది, జమ ఉండదు.

తూకం తప్పితే

నలభైకి ఒకటి అన్న సూత్రం రెండువైపులా పదునుగల కత్తి. నీటిమట్టం 10 సెంటీమీటర్లు పెరిగితే దిగువన 4 మీటర్ల మంచినీరు చేరినట్లే, 10 సెంటీమీటర్లు తగ్గి అట్లే ఉండిపోతే దిగువనుండి ఉప్పునీరు 4 మీటర్ల వరకు పైకి రాగలదు. చేదతో తోడుకున్నంతకాలం బావి తనంతట తాను కోలుకునేది. విద్యుత్ పంపు ఒకేచోటనుండి గంటలకొద్దీ లాగుతుంది. తరగతిలో చూచిన ఎర్రని శిఖరం అప్పుడు నిజమవుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి తిరిగి తీపి కావడానికి వానలకోసం ఎదురుచూడక తప్పదు.

రెండవ ప్రమాదం మురుగు. వాననీటిని క్షణంలో ఇంకించుకొనే ఇసుక మరుగుదొడ్డి నీటిని కూడా అట్లే ఇంకించుకుంటుంది. నీటిమట్టం పైపైనే ఉండడంచేత పెరటిలోని గుంటకూ పెరటిలోని బావికీ మధ్య అడ్డు చాలా పలుచన. నీరు ఉప్పన కాకపోయినా రోగకారకం కావచ్చును.

మూడవది తుఫాను. అలలు నేలమీదికి ఎక్కితే ఉప్పునీరు పైనుండి ఇంకి కటకాన్ని పాడుచేస్తుంది. 2005లో పెర్సీ తుఫాను పసిఫిక్‌లోని పుకాపుకా అటాల్‌ను ముంచినప్పుడు అక్కడి బావినీరు తిరిగి తాగుటకు పనికిరావడానికి దాదాపు ఏడాది పట్టింది. 2017 డిసెంబరులో ఓఖి తుఫాను లక్షద్వీప్‌ను తాకింది.

అయితే దీవికి తుఫానుల తాకిడిని తగ్గించేది ఏది? నురుగుకట్ట కనిపించే ఆ ప్రవాళపు గోడయే. అలల బలంలో అధికభాగం అక్కడే విరిగిపోతుంది. ఇసుకను తయారుచేసేదీ ఆ గోడయే. సముద్రం మామూలుకంటె ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కి కొన్ని వారాలు అట్లే ఉంటే ప్రవాళాలు తమలోని శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడిపోతాయి. ఆ స్థితి ఎక్కువకాలం సాగితే చనిపోతాయి. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024 సంవత్సరాలలో ఇట్లు జరిగింది.

భూమి మీద సగటు సముద్రమట్టం 1901 నుండి 2018 వరకు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. దీనివల్ల దీవులన్నీ వెంటనే మునిగిపోతాయని తలచడం తొందరపాటు. పసిఫిక్‌లోని తువాలు దీవుల చిత్రాలను పోల్చి చూచినప్పుడు 1971 నుండి 2014 వరకు వాటి మొత్తం వైశాల్యం 2.9 శాతం పెరిగినట్లు తేలింది. గోడ ఇసుకను అందిస్తున్నంతకాలం అలలు దీవికి కొత్త నేలను చేర్చగలవు. మరొకవైపు లక్షద్వీప్‌లోని బంగారం అటాల్‌కు చెందిన జనావాసంలేని పరళి-1 అనే చిన్న దీవి కోతకు గురై పూర్తిగా అదృశ్యమైనట్లు 2017లో వెల్లడైంది. దీవి నిలవడం సముద్రమట్టంపైన మాత్రమే గాక, చుట్టూ ఉన్న ప్రవాళాలు బ్రతికి ఉండడంపైన కూడా ఆధారపడి ఉన్నది. నేల సన్నబడితే దానితోపాటు కటకం కూడా సన్నబడుతుంది.

సముద్రంనుండే మంచినీరు

ఈ బరువును కొంత తగ్గించడానికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు. కవరత్తిలో 2005లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఒక నిర్లవణీకరణ కేంద్రాన్ని నెలకొల్పింది. సముద్రపు పైనీరు సుమారు 28 డిగ్రీల వేడి ఉంటుంది. గాలి ఒత్తిడిని మామూలులో సుమారు 27వ వంతుకు తగ్గిస్తే నీరు ఆ వేడికే మరుగుతుంది. అట్లు లేచిన ఆవిరిని దాదాపు 350 మీటర్ల లోతునుండి గొట్టంద్వారా తెచ్చిన చల్లని సముద్రపు నీటితో చల్లార్చితే మంచినీరు దిగుతుంది. నీటిని కాచడానికి వేరే ఇంధనం అక్కరలేదు. పంపులు నడపడానికి మాత్రం విద్యుత్తు కావాలి. దీవి అంచు దాటగానే సముద్రం నిట్టనిలువుగా లోతెక్కడంవల్లనే అంత చల్లని నీరు ఒడ్డుకు దగ్గరగా దొరుకుతున్నది. డార్విన్‌ను ఆలోచింపజేసిన ఆ నిటారు గోడయే ఇంజనీర్లకు అనుకూలమైనది.

ఆ కేంద్రం శక్తి రోజుకు ఒక లక్ష లీటర్లు. 2011 జనాభా లెక్కన తలకు సుమారు 9 లీటర్లు. తాగడానికి, వండుకోవడానికి సరిపోతుంది. 2011లో అగత్తి, మినికాయ్ దీవులలోనూ ఇట్టి కేంద్రాలు ప్రారంభమైనాయి. కాని స్నానానికి, బట్టలకు, పశువులకు, మొక్కలకు కావలసిన నీరు ఇంకా చాలా ఉన్నది. ఇంటికప్పుమీది వానను తొట్లలో నిలువచేసుకోవడం, ఒకేచోట గాక పలుచోట్ల కొద్దికొద్దిగా తోడడం, మురుగును బావులకు దూరంగా శుద్ధిచేయడం - ఇవి కటకాన్ని కాపాడే మార్గాలు. నాలుగు రోజులు ఉండిపోయే యాత్రికుడు వాడే ప్రతి బక్కెట నీరు కూడా ఆ కటకంనుండో, ఆ యంత్రంనుండో రావలసినదే.

మన గ్రామాలలో బావి ఎండిపోతే మరికొంత లోతుగా తవ్వుతారు. ప్రవాళ ద్వీపంలో ఆ దారి లేదు. అక్కడ లోతుగా పోవడమంటే ఉప్పును చేరుకోవడమే. మీద ఉన్న ఒక్క పొరనే ఏటికేడు వానతో నింపుకుంటూ, ఏటికేడు కొలిచి వాడుకోవాలి.